ఉప్పుగాలి వేరు, ఉప్పునేల వేరు

సముద్రానికి దగ్గర్లో మొక్క ఎండిపోతే వెంటనే వినపడే మాట ఒకటుంది: "ఇది ఉప్పునేల, ఇక్కడ ఏం వేసినా బతకదు." మన కోస్తాలో చాలాచోట్ల ఇది తప్పు. ఒడ్డునున్న ఇసుక దిబ్బల్లో ఉప్పు నిలవదు. రెండు గట్టి వానలు పడ్డాయంటే పైపొరల్లో ఉన్నదంతా కడుక్కుని కిందికి దిగిపోతుంది. అక్కడ మొక్కను చంపేవి మూడు: ఆకు మీద పడే ఉప్పు తుంపర, మొదలు దగ్గర నిలకడగా ఉండని ఇసుక, వేసవిలో వేరుకు అందని నీరు. అదే ఒడ్డు వదిలి లోపలికి వచ్చి, ఉప్పుటేరు పక్కనో పాత రొయ్యల చెరువు పక్కనో ఉన్న బంకనేల చూడండి. అక్కడ గాలి మామూలు గాలే. ఉప్పంతా నేలలో ఉంటుంది. గాలి ఉప్పును తట్టుకునే చెట్టు నేల ఉప్పును తట్టుకోవాలని లేదు. మొక్కలు కొనేముందు మీ స్థలం ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవాలి.

దానికి అక్కడున్న చెట్లనే చూడండి. ఉప్పుగాలి కొట్టిన చెట్టుకి సముద్రం వైపు ఆకులు మాడి, వెనక వైపు పచ్చగా ఉంటాయి. సముద్రం వైపు చిగుర్లు ఎప్పటికప్పుడు చచ్చిపోతుంటే చెట్టు మొత్తం లోపలి వైపుకు దువ్వినట్టు వాలిపోతుంది. నేలలో ఉప్పు ఎక్కువైతే అలా ఒక పక్కకే ఉండదు. చుట్టూరా ముదురు ఆకుల కొసలు, అంచులు ముందు ఎండుతాయి, మొక్క ఎదగకుండా గిడసబారుతుంది. ఎర్రబారిన ఇలకూర తప్ప ఇంకేమీ మొలవని జాగా కనిపిస్తే పరీక్ష చేయించకముందే సగం జవాబు దొరికినట్టే.

మిగతా సగానికి మట్టి పరీక్ష చేయించాలి. మట్టి నమూనా మే నెలలో తీయండి. వానలు పడ్డాక తీస్తే ఉప్పు కిందికి దిగిపోయి ఉంటుంది, ఫలితం బాగుందని మురిసిపోతాం. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు కిందినీరు పైకి పాకి, నీరు ఆవిరై, ఉప్పు పైన మిగిలిపోతుంది. చెట్టు ఏడాదంతా అక్కడే ఉండాలి కాబట్టి ఆ గడ్డుకాలం లెక్కే అసలు లెక్క. పై 15 సెంటీమీటర్లది ఒకటి, 30 నుంచి 60 సెంటీమీటర్ల లోతుది ఒకటి, వీలైతే మీటరు దగ్గరిది ఇంకొకటి తీయండి. ఈసీ, అంటే నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, మీటరుకి 4 డెసీసీమెన్లు దాటితే ఉప్పునేల కింద లెక్క. అదే రోజు బావి నీళ్లు, బోరు నీళ్లు కూడా పరీక్షకి పంపండి. చాలా తోటల్లో నేల మంచిదే, తోడిపోసే నీరే ఉప్పు.

ఇక్కడే జిప్సం సంగతి కూడా చెప్పాలి. తీరంలో ఎవరు అడిగినా "జిప్సం చల్లండి" అనేస్తారు. జిప్సం కారుచౌడుకి మందు. అంటే సోడియం పట్టుకుని, ఉదజని సూచిక 8.5 దాటి, నీరు ఇంకక అట్టకట్టే నేలకు. తెల్లగా పొర కట్టే పాలచౌడులో జిప్సం వేస్తే ఉన్న ఉప్పుకి ఇంకో ఉప్పు కలిపినట్టే. పాలచౌడుకి కావాల్సింది గట్టు కట్టి వాన నీళ్లు నిలబెట్టి కిందికి దింపడం, దిగిన నీరు బయటికి పోయేలా మురుగు కాలువ తీయడం. కాలువ లేకుండా నీళ్లు పెడితే ఉప్పు ఎక్కడికీ పోదు, వేసవిలో మళ్లీ పైకొస్తుంది. ఇక ఇసుకలో జిప్సం వేయడం వట్టి ఖర్చు.

పోటు నీరు రోజూ వచ్చి పోయే బురదలో మామూలు చెట్ల ఆలోచన పెట్టుకోవద్దు. అది మడ చెట్ల చోటు. తెల్లమడ తాగిన ఉప్పును ఆకు గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తుంది, ఎండపూట ఆకుని నాలుకకు తాకిస్తే తెలుస్తుంది. ఉప్పుపొన్న జాతులు వేరు దగ్గరే ఉప్పును చాలావరకు వడగడతాయి. మరి కోరింగ లాంటి చోట్ల మడ అడవి మధ్యలో కూడా బోడి జాగాలు ఎందుకున్నాయి? అవి కాస్త మెరకగా ఉండి పోటు నీరు అప్పుడప్పుడే ఎక్కుతుంది. ఎక్కిన నీరు తిరిగి పోక అక్కడే ఎండి, ఏటేటా ఉప్పు పేరుకుంటుంది. అందుకే అటవీశాఖ వాళ్లు మొక్కలు నాటేముందు చేపముల్లు ఆకారంలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా పిల్ల కాలువలు తవ్వి, పోటు నీరు వచ్చిపోయేలా చేశారు. కాలువ తవ్వకుండా ఎన్ని మొక్కలు నాటినా వృథా.

ఇక ఇసుక తీరానికి వద్దాం. తప్పులు ఎక్కువ జరిగేది, తెలిసి చేస్తే ఫలితం బాగా వచ్చేది ఇక్కడే. ముందు అర్థం చేసుకోవాల్సింది వరుస. స్థలం కొన్నవాళ్లు మొదట మామిడి, కొబ్బరి నాటి, అవి మాడిపోయాక కంచె గురించి ఆలోచిస్తారు. పని సముద్రం వైపు నుంచి మొదలవ్వాలి.

మొదటి వరుసలో చెట్టు ఉండదు, తీగ ఉంటుంది. మేక గిట్టలాగా రెండుగా చీలిన ఆకు, ఊదారంగు పువ్వు ఉండే బాలబంద తీగ దిబ్బ ముఖం మీద పాకుతూ ప్రతి కణుపు దగ్గరా వేరు దింపుతుంది. ఇసుక కప్పేసినా దాన్ని చీల్చుకుని పైకి వస్తుంది. దీనికి నర్సరీ అక్కర్లేదు. అరమీటరు పొడవు, నాలుగైదు కణుపులున్న తీగ ముక్కలు కోసి, సగానికి పైగా తడి ఇసుకలో పూడ్చి, కొస మాత్రం బయట ఉంచండి. వాన పడ్డ మర్నాడు నాటితే చాలావరకు అతుక్కుంటాయి. దాని పక్కనే రావణాసురుడి మీసాలు. గుచ్చుకునే బిరుసు గడ్డి, చెప్పుల్లేకుండా నడవలేం. దీనిలో ఆడ మొక్క, మగ మొక్క వేరు. ఆడ మొక్క గింజలు పండాక ముళ్ల బంతి మొత్తం ఊడి, గాలికి ఇసుక మీద దొర్లుతూ పోతుంది, దారి పొడవునా గింజలు రాలుస్తుంది. రిసార్టులు కట్టేవాళ్లు చూపు బాగుండాలని ముందుగా పీకేది ఈ రెండింటినే. రెండేళ్లకి దిబ్బ కోసుకుపోయి, ఇసుక వరండాలోకి వస్తుంది. నా మటుకు తీరంలో వీటికంటే విలువైన మొక్కలు లేవు.

దిబ్బ వెనక వాలులో మొగలి. ఊడవేర్లతో నిలబడుతుంది, ఇసుకను పట్టుకుంటుంది. ఆకు రెండు అంచుల్లోనూ, అడుగున నడిమి ఈనె వెంటా ముళ్లుంటాయి కాబట్టి పశువులు దూరవు. పిలకలు విడదీసి నాటితే చాలు. వాసన కోసం అయితే మగ మొక్క పిలకే తీసుకోవాలి, ఆడదానికి అనాసలాంటి కాయే వస్తుంది. గన్నేరు కూడా ఈ వరుసలో బాగా నిలబడుతుంది, కాకపోతే ఆకు, బెరడు, పువ్వు అన్నీ విషమే. పిల్లలు, మేకలు తిరిగేచోట వద్దు. సర్కారు తుమ్మ ఎలాగైనా బతుకుతుంది కదా అని వేయకండి. ఒకసారి పాతుకుపోతే మిగతావేవీ రానివ్వదు, నరికితే మొదలు నుంచి గుంపుగా లేస్తుంది.

ఆ వెనక సరుగుడు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరంలో సరుగుడు పట్టీల పెంపకం ఊపందుకుంది. ఉప్పెన నీటిని సరుగుడు వరుస ఆపలేదు, గాలినీ ఇసుకనూ మాత్రం బాగా ఆపుతుంది. గోడలా మూసేయడం కంటే సగం గాలిని వడగట్టి వదలడమే మేలు. గోడ కడితే గాలి పైకి లేచి వెనక సుడి తిరిగి పడుతుంది. సరుగుడు కొమ్మల సందుల్లోంచి గాలి నెమ్మదించి పోతుంది, చెట్టు ఎత్తుకి పదిరెట్ల దూరం దాకా ఆ చాటు బాగా తెలుస్తుంది. అడ్డుపట్టీకి మూడు నుంచి ఐదు వరుసలు, రెండు మీటర్ల దూరంలో, ఒక వరుసలో మొక్క ఎదురుగా తర్వాతి వరుసలో ఖాళీ వచ్చేలా నాటండి. కాగితం గుజ్జుకి పెంచేవాళ్లు మీటరుకో మొక్క పెడతారు, మూడు నాలుగేళ్లలో నరికేస్తారు. ఆ లెక్క అడ్డుపట్టీకి పనికిరాదు. కింది కొమ్మలు చచ్చి, అడుగున గాలి సొరంగంలా దూరిపోతుంది.

సరుగుడు విత్తనం కొనకుండా మీరే తీయొచ్చు. గోధుమరంగుకి తిరిగి ఇంకా పగలని కాయలు కోసి, గుడ్డ మీద రెండు మూడు రోజులు ఎండబెడితే రెక్క విత్తనాలు రాలతాయి. కిలోకి లక్షల్లో ఉంటాయి కాబట్టి పిడికెడు చాలు. నారుమడిలో మొదటి శత్రువు చీమ. చల్లిన రాత్రే మోసుకుపోతుంది. మడి చుట్టూ చీమల మందు వేసి, పైన పలుచగా ఇసుక కప్పి, ఎండుగడ్డి పరవాలి. నాలుగైదు వారాల్లో సంచుల్లోకి, ఐదారు నెలలకి పొలంలోకి. ఇంతకుముందు సరుగుడు లేని కొత్త ఇసుక అయితే ఇంకో పని ఉంది. ముదురు సరుగుడు చెట్టు కింద మట్టి తెచ్చి, సంచి మట్టిలో గుప్పెడు కలపండి. దాంట్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి వేరు మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. నాలుగు నెలల మొక్కను పీకి చూస్తే వేళ్ల మధ్య గుత్తులుగా ఈ బుడిపెలు కనిపించాలి. లేకపోతే మొక్క పసుపు తిరిగి అక్కడే ఆగిపోతుంది.

సరుగుడు విషయంలో ఒక హద్దు మాత్రం పాటించాలి. పోటు గీత దాకా నాటొద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఖాళీ ఇసుకలోనే. అక్కడ సరుగుడు వేళ్లు అల్లుకుంటే అవి గుంత తవ్వలేవు. బాలబంద పరుచుకున్న దిబ్బ మొత్తాన్నీ వదిలేసి, దాని వెనక నుంచి మొదలుపెట్టండి.

సరుగుడు ఎప్పటికీ ఉండేది కాదు. దాని చాటున పదిహేనేళ్లలో శాశ్వతమైన చెట్లు రావాలి. వాటిలో నేను ముందు చెప్పేది పొన్న. మందపాటి నిగనిగలాడే ఆకు మీద ఉప్పు నిలవదు, గాలికి కొమ్మ తేలిగ్గా విరగదు. నెమ్మదిగా పెరుగుతుందని జనం వదిలేస్తారు. కాయ పెంకుతోనే పాతితే మొలకకు దాదాపు రెండు నెలలు పడుతుంది. లోపలి గింజకు దెబ్బ తగలకుండా పెంకు పూర్తిగా తీసి నాటితే మూడు వారాల్లో వస్తుంది. గంగరావికి ఆ ఓపిక కూడా అక్కర్లేదు. చేతి మందం, మనిషెత్తు కొమ్మ నరికి, మూడోవంతు లోతుగా పాతితే కంచె గుంజే చెట్టవుతుంది. దేశవాళీ బాదం, కానుగ కూడా ఈ వరుసలోవే. సపోటా కూడా ఇక్కడ ఫర్వాలేదు. మామిడికి మాత్రం ఇన్ని వరుసల చాటు ఉన్నా పూతకాలంలో ఉప్పుగాలి తగిలితే పూత మాడుతుంది. ఒడ్డుకి కిలోమీటరు లోపు మామిడి మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

కొబ్బరికి ఉప్పుతో ఒక ప్రత్యేకమైన సంబంధం ఉంది. దానికి క్లోరిన్ ఒక పోషకం, లోపిస్తే దిగుబడి తగ్గుతుంది. తీరంలో అది గాలి నుంచే కొంత అందుతుంది. పొటాష్ ఎరువు కూడా మ్యూరేట్ రూపంలో వేస్తే పొటాషియంతోపాటు క్లోరిన్ ఇస్తుంది. కాపుచెట్టుకి నత్రజని కంటే పొటాష్ రెండింతలకు పైగా కావాలి, ఇసుకలో అయితే అది నిలవదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కాకుండా మూడు నాలుగు దఫాలుగా వేయండి. అంబాజీపేట పరిశోధన స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ లాంటి సంకర రకాలు నీటివసతి ఉన్నచోట బాగుంటాయి. గాలి బాగా కొట్టే చోట నా ఓటు తూర్పు కోస్తా పొడవు రకానికే. ఏడాది లోపు వయసు, ఆరు ఆకులు, మెడ దగ్గర పది సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న మొక్క ఎంచుకోండి.

ఇసుకలో గుంత ఎలా నింపాలన్నది ఏ చెట్టుకైనా ఇంచుమించు ఒకటే. కొబ్బరికి మీటరు గుంత, ఎనిమిది మీటర్ల దూరం, అంటే ఎకరానికి 63 మొక్కలు. అడుగున కొబ్బరి డొక్కలు రెండు వరుసలు, గుల్ల వైపు పైకి ఉండేలా పేర్చండి, నీరు పట్టి ఉంచుతాయి. చెదలు ఉంటే డొక్కల మీద మందు చల్లాలి. ఆ పైన చెరువుమట్టి, మాగిన పశువుల ఎరువు, తవ్విన ఇసుక కలిపి గుంత సగం పైదాకా నింపి మొక్క పెట్టండి. మెడ ఇసుకలో కూరుకుపోకూడదు. ఒక్క వేసవికి సముద్రం వైపు తాటాకు దడి కట్టండి. ఇది గాలికే కాదు, ఎగిరే ఇసుక మొవ్వులో నిండకుండా కూడా. మాగని పెంట మాత్రం వద్దు, కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అందులోనే. లేత మొక్కలకు మొవ్వు దగ్గరి ఆకుల మొదట్లో మూడు నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసుక కప్పితే నెలన్నర కాపలా.

తాటికి ఇంత హంగు లేదు, కానీ ఒక్క సంగతి తెలియక ఏటా వేల మొక్కలు పోతున్నాయి. తాటి టెంక మొలకెత్తినప్పుడు ముందు పైకి రాదు, కిందికి పోతుంది. టెంక నుంచి ఒక గొట్టం ఇసుకలోకి దిగి, అడుగున తేగ కడుతుంది. నెలల తర్వాతే పైకి మొదటి ఆకు వస్తుంది. చిన్న సంచిలో వేస్తే ఆ గొట్టం అడుగున తగిలి వంకరపోతుంది. తీసి నాటేటప్పుడు విరుగుతుంది, మొక్క చస్తుంది. కాబట్టి ఆగస్టు నుంచి అక్టోబరు వరకు రాలిన పండ్ల టెంకలు ఏరి, ఎక్కడ చెట్టు కావాలో అక్కడే పది పదిహేను సెంటీమీటర్ల లోతున, మూడు మీటర్ల దూరంలో పాతండి. సంక్రాంతికి తేగల కోసం తవ్వుకుపోయేవాళ్లు ఉంటారు, గుర్తు పెట్టి చెప్పి ఉంచండి. పోతుతాడో పెంటితాడో పూత వచ్చేదాకా తెలియదు, దానికి పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది.

నీటి సంగతి. ఇసుకలో ఇంకిన వాన నీరు, అడుగునున్న ఉప్పునీటి మీద తేలికగా తేలుతూ పలుచటి పొరగా ఉంటుంది. సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు 40 అడుగులు ఉంటుందని లెక్క. తిరగేసి చూడండి: గట్టి మోటారు పెట్టి ఒకచోట అడుగు తగ్గిస్తే కింది నుంచి ఉప్పునీరు అంతెత్తున లేస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు తీపెక్కాలంటే ఏళ్లు పట్టొచ్చు. మన పెద్దలు తవ్విన దొరువులు ఇందుకే లోతు లేకుండా, వెడల్పుగా ఉండేవి. కడవలతో పైపైన నీరు ముంచేవారు. దాన్నే కాస్త మార్చి, నీటిమట్టానికి కొద్దిగా కింద చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, మధ్యలో ఒక బావిలోకి చేర్చి తోడే పద్ధతిని బాపట్లలో అభివృద్ధి చేశారు. ఒడ్డు దగ్గర లోతు బోరు వేయడం కంటే ఇది ఎన్నోరెట్లు మేలు. చిన్న మోటారు, తక్కువసేపు, డ్రిప్పు.

నాటే కాలం శ్రీకాకుళానికీ నెల్లూరుకీ ఒకటి కాదు. ఉత్తరాన జూలై, ఆగస్టు వానలకే నాటొచ్చు. ప్రకాశం, నెల్లూరు వైపు అసలు వాన అక్టోబరు, నవంబరులో. జూలైలో నాటితే మూడు నెలలు నీళ్లు మోయాలి.

తుఫాను గురించి చెప్పకుండా తీరంలో చెట్ల గురించి రాయలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో వేల చెట్లను కూల్చింది. 2018లో తిత్లీ ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. కూలిన చెట్ల వేళ్లు చూస్తే కారణం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్క వేరు గుండ్రంగా చుట్టుకుంటుంది. నేలలో పెట్టాక కూడా ఆ చుట్ట విప్పుకోదు, చెట్టు పదేళ్లకి పైన ఎంత పెరిగినా కింద పట్టు ఉండదు. నాటేముందు సంచి అడుగు నుంచి రెండు సెంటీమీటర్లు వేళ్లతో సహా కోసేయండి, మట్టిగడ్డ పక్కన మూడుచోట్ల నిలువుగా గాటు పెట్టండి. రెండు మీటర్ల మొక్క కంటే మోకాలెత్తు మొక్క మంచిది. ఊతకర్ర కాండంలో మూడోవంతు ఎత్తులోనే, వదులుగా కట్టి, ఏడాదికి తీసేయాలి. గాలికి కాస్త ఊగితేనే కాండం మొదలు లావెక్కుతుంది.

తుఫాను మర్నాడు చేయాల్సిన పనికి ఆలస్యం పనికిరాదు. వాన లేకుండా ఉప్పుగాలి మాత్రం కొట్టి ఉంటే ఆ రోజే మంచినీటితో ఆకులు కడగండి, ఉప్పు ఎండి లోపలికి దిగితే కడిగినా లాభం లేదు. పడిపోయిన చిన్న చెట్టుని రెండు మూడు రోజుల్లో, వేరు ఎండకముందే, కొమ్మలు తగ్గించి లేపి కట్టాలి. కొబ్బరికి విరిగిన పచ్చి మట్టను కాండం దాకా నరకొద్దు, మీటరు మొదలు వదిలేయండి. పచ్చి గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది. మొవ్వు వాడి, లాగితే ఊడి వస్తుంటే మొవ్వుకుళ్లు మొదలైనట్టు. కుళ్లిన భాగమంతా కోసి, బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు, విడివిడిగా కలిపి, రెండూ కలిసేలా పోయాలి, ఇనుప పాత్ర వాడకూడదు.

పొలంలోకి సముద్రపు నీరు వచ్చి నిలిస్తే గట్టు తెంచి వెంటనే బయటికి పంపండి. దున్నొద్దు, దున్నితే పైనున్న ఉప్పు వేరు దాకా కలుస్తుంది. దొరికిన మంచినీరు పెట్టి తీయండి, రెండు మూడు సార్లు. పాత చెట్ల ఆకు రాలినా నరకడానికి తొందరపడకండి, కొబ్బరి మొవ్వు పచ్చగా ఉన్నంతకాలం కోలుకునే అవకాశం ఉంటుంది. కొత్త మొక్కలు మాత్రం ఒక వానాకాలం గడిచి, మళ్లీ మే నెలలో తీసిన మట్టిలో ఈసీ 4 లోపు వచ్చాకే నాటండి.